కారు ఇంజిన్ హీటెక్కుతోందా? వెంటనే నీళ్లు పోయకండి.. ముందు ఈ విషయాలు చూడండి!

ఎండాకాలం మధ్యాహ్నం. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద కారు వెళ్తోంది. లోపల ఫ్యామిలీ అంతా ఉంది, ఏసీ ఫుల్‌లో ఉంది, డిక్కీ నిండా సామాన్లు. ఇంతలో డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి లేస్తుంది. "ఇంకో నాలుగు కిలోమీటర్లు పోతే మెకానిక్ షెడ్డు వస్తుంది, అక్కడ ఆపుదాం" అనుకుంటారు చాలామంది. సరిగ్గా ఆ నాలుగు కిలోమీటర్లే కొంప ముంచుతాయి. చిన్న రబ్బర్ పైపు మార్చితే పోయేది కాస్తా ఇంజిన్ మొత్తం విప్పే పని అవుతుంది.

ఇంజిన్ ఓవర్‌హీట్ అవడం ఒక రోగం కాదు, లక్షణం మాత్రమే. మనిషికి జ్వరం వచ్చినట్టే. అసలు లోపం ఎక్కడో వేరే చోట ఉంటుంది. నీళ్లు పోసి బండి తీస్తే జ్వరానికి మాత్ర వేసుకున్నట్టు కాసేపు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. మరి రోడ్డు మీద ఏం చేయాలి? లోపం ఎక్కడుందో ఎలా గుర్తించాలి? షెడ్డులో ఏం అడగాలి? ఇప్పుడు చూద్దాం.

అసలు ఇంజిన్ ఎందుకు వేడెక్కుతుంది?

పెట్రోల్ అయినా డీజిల్ అయినా, మండినప్పుడు వచ్చే శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే కారును నడపడానికి పనికొస్తుంది. మిగతాదంతా వేడే. అందులో కొంత సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన వేడిని బయటకు మోసే బాధ్యత కూలెంట్‌ది.

ఈ కూలెంట్‌ను వాటర్ పంప్ ఇంజిన్ లోపల తిప్పుతుంది. వేడెక్కిన కూలెంట్ రేడియేటర్‌లోకి వస్తుంది. ఎదురుగాలి, ఫ్యాన్ గాలి తగిలి చల్లబడి మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. మధ్యలో థర్మోస్టాట్ అనే వాల్వ్ ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని ఉంటుంది. చాలా కార్లలో 80 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదులుతుంది.

అంటే కూలెంట్ తగినంత ఉండాలి, అది తిరగాలి, దానికి గాలి తగలాలి. ఓవర్‌హీట్ సమస్య ఏదైనా దాదాపుగా ఈ మూడింట్లో ఒకటి దెబ్బతినడం వల్లే వస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే లోపం వెతకడం సగం తేలికవుతుంది.

ముల్లు పైకి లేస్తే మొదటి 5 నిమిషాల్లో ఏం చేయాలి?

ముల్లు మామూలు కన్నా కొంచెం పైకి వచ్చిందంటే వెంటనే ఏసీ ఆపేయండి. అద్దాలు దించి, హీటర్‌ను ఫుల్ హాట్‌లో పెట్టి బ్లోయర్ పెంచండి. మండుటెండలో హీటర్ ఏంటి అనుకోవద్దు. కారు హీటర్ కూడా ఒక చిన్న రేడియేటర్ లాంటిదే. ఇంజిన్‌లోని వేడిని లాగి క్యాబిన్‌లోకి వదులుతుంది. లోపల కూర్చున్నవాళ్లకు ఇబ్బందే కానీ, ఆగడానికి సురక్షితమైన చోటు దొరికేదాకా ఇంజిన్‌ను కాపాడుతుంది.

ముల్లు ఎర్ర గీతకు చేరినా, ఎర్ర రంగు టెంపరేచర్ లైట్ వెలిగినా, బానెట్ నుంచి ఆవిరి వస్తున్నా ఇక ఆలోచించొద్దు. హజార్డ్ లైట్లు వేసి, కారును రోడ్డు ఎడమ పక్కకు పూర్తిగా తీసి, ఇంజిన్ ఆపేయండి.

కొన్ని కార్లలో ముల్లు ఉండదు, లైట్ మాత్రమే ఉంటుంది. నీలం రంగు లైట్ వెలిగితే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని అర్థం, భయం లేదు. ఎర్ర లైట్ వెలిగితే ఆపాల్సిందే.

హైవే మీద ఆగితే పిల్లలను, పెద్దవాళ్లను ఎడమ వైపు డోర్ల నుంచి దించి, రెయిలింగ్ అవతల నిలబెట్టండి. కారు వెనుక కనీసం 50 మీటర్ల దూరంలో వార్నింగ్ ట్రయాంగిల్ పెట్టండి. నేషనల్ హైవేల మీద సాయం కావాలంటే 1033 హెల్ప్‌లైన్‌కు కాల్ చేయొచ్చు.

బానెట్ సందుల్లోంచి వచ్చేది ఆవిరా, పొగా అన్నది ఒకసారి గమనించండి. తియ్యటి వాసనతో తెల్లగా వస్తే అది కూలెంట్ ఆవిరి. వైర్లు, ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చినా, మంట కనిపించినా బానెట్ ఎత్తొద్దు. గాలి తగిలితే మంట పెరుగుతుంది. అందరూ దూరంగా జరిగి 112కు ఫోన్ చేయాలి.

ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోతే సంబరపడొద్దు

చాలామంది మోసపోయేది ఇక్కడే. ఎర్ర గీత దగ్గరున్న ముల్లు సడన్‌గా కిందికి వచ్చేస్తుంది. "హమ్మయ్య, చల్లబడింది" అని బండి లాగిస్తారు. నిజానికి టెంపరేచర్ సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉండాలి. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సార్‌కు ఖాళీ తప్ప ఏమీ తగలదు. అప్పుడు అది తప్పు రీడింగ్ చూపించవచ్చు. ముల్లు కింద ఉంటుంది, ఇంజిన్ మాత్రం లోపల మాడిపోతుంటుంది. అలాగే హీటర్ ఆన్ చేసినా వేడి గాలి రాకుండా చల్లగాలి వస్తుంటే కూలెంట్ బాగా తగ్గిపోయిందని అనుమానించాలి.

రేడియేటర్ మూత వెంటనే తీస్తే ఏమవుతుంది?

మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే ఆ పాయింట్ కొన్ని డిగ్రీలు పెరుగుతుంది. దానికి తోడు రేడియేటర్ మూత లోపల ప్రెషర్‌ను పట్టి ఉంచుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో లాగే, ఆ ప్రెషర్ వల్ల కూలెంట్ 120 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండగలుగుతుంది.

ఇప్పుడు మూత తీశారనుకోండి. ప్రెషర్ ఒక్కసారిగా పోతుంది. అప్పటిదాకా మరగకుండా ఆగి ఉన్న కూలెంట్ ఆ క్షణంలోనే మరిగి ఆవిరిగా పైకి ఎగజిమ్ముతుంది. నేరుగా ముఖం, చేతులు, మెడ మీదకు వస్తుంది. విజిల్ దిగని కుక్కర్ మూతను ఎవరూ బలవంతంగా తీయరు కదా, ఇదీ అంతే.

ఇప్పటి చాలా కార్లలో రేడియేటర్ మీద మూతే ఉండదు. పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకుకే ప్రెషర్ మూత ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బానే కదా అని దాన్ని తిప్పినా ప్రమాదమే. ఇంజిన్ ఆపాక కనీసం అరగంట ఆగండి, ఎండ తీవ్రంగా ఉంటే ఇంకా ఎక్కువసేపు. పైన ఉన్న రబ్బర్ పైపును గుడ్డతో జాగ్రత్తగా నొక్కి చూడండి. గట్టిగా ఉబ్బి ఉంటే ప్రెషర్ ఇంకా ఉన్నట్టే. మెత్తగా అయ్యాకే మందపాటి గుడ్డ వేసి, ముఖం పక్కకు పెట్టి, మూతను మెల్లగా తిప్పాలి.

మరో మాట. ఇంజిన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరగడం మొదలుపెట్టొచ్చు. చేతులు, చున్నీలు, కండువాలు ఫ్యాన్ దగ్గరికి పోనివ్వద్దు. ఇంజిన్ త్వరగా చల్లారాలని పైన చల్లటి నీళ్లు గుమ్మరించడం కూడా తప్పే. వేడి లోహానికి ఒక్కసారిగా చల్లదనం తగిలితే పగుళ్లు రావొచ్చు.

చల్లారిన తర్వాత ఏం చూడాలి?

మొదట ప్లాస్టిక్ ట్యాంకు చూడండి. దాని మీద మినిమమ్, మ్యాగ్జిమమ్ గీతలు ఉంటాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లెవెల్ ఆ రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గిందంటే ఆ కూలెంట్ ఎక్కడికో పోయింది. ఎక్కడికి పోయిందన్నదే అసలు ప్రశ్న.

కారు కింద వంగి చూడండి. ఆకుపచ్చ, గులాబీ, నారింజ, నీలం ఇలా ఏదైనా రంగు ద్రవం కారుతోందా? రంగు లేని నీటి చుక్కలు మాత్రమే పడుతుంటే అది ఏసీ నీరు కావొచ్చు, దాని గురించి కంగారు అక్కర్లేదు. రబ్బర్ పైపులు బిగించిన క్లిప్పుల దగ్గర, రేడియేటర్ అంచుల్లో, వాటర్ పంప్ చుట్టూ తడి గానీ, ఎండిపోయిన తెల్లటి మరకలు గానీ ఉన్నాయేమో చూడాలి. పైపులు నొక్కితే మెత్తబడిపోయినట్టు గానీ, పగుళ్లు వచ్చినట్టు గానీ ఉంటే వాటి పని అయిపోయినట్టే.

లీకు చిన్నదైతే కూలెంట్ గానీ, అది లేకపోతే తాగే నీళ్లు గానీ మెల్లగా పోసి, దగ్గర్లోని షెడ్డు దాకా ముల్లును చూసుకుంటూ వెళ్లొచ్చు. పోసిన నీళ్లు పోసినట్టే కారిపోతుంటే మాత్రం బండి నడపొద్దు. టోయింగ్ ఖర్చు ఇంజిన్ పని ఖర్చు ముందు చాలా చిన్నది.

ఎప్పుడు హీటెక్కుతోంది? లోపం అక్కడే దొరుకుతుంది

మెకానిక్‌కు "బండి హీటెక్కుతోంది" అని చెబితే సరిపోదు. ఎప్పుడు హీటెక్కుతోందో చెప్పాలి. డాక్టర్‌కు జ్వరం పొద్దున వస్తోందా, రాత్రి వస్తోందా చెప్పినట్టే.

ట్రాఫిక్‌లో హీటెక్కి, హైవే ఎక్కితే తగ్గితే: అనుమానం ఫ్యాన్ మీద. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. దీనికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. కారు స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపట్లో ముందున్న ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజ్, రిలే, వైరింగ్, ఫ్యాన్ మోటార్ వరుసగా చెక్ చేయించాలి. చాలాసార్లు మోటార్ బాగానే ఉంటుంది, కాలిపోయింది చిన్న ఫ్యూజో, రిలేనో అయి ఉంటుంది.

హైవే మీద స్పీడ్‌లో హీటెక్కితే: ఇక్కడ గాలికి కొదవ లేదు. కాబట్టి కూలెంట్ తగ్గి ఉండాలి, లేదా సరిగ్గా తిరగకపోయి ఉండాలి. రేడియేటర్ లోపల తుప్పు, సున్నం పేరుకుని దారులు మూసుకుపోవడం, వాటర్ పంప్ అరిగిపోవడం, థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం వంటివి చూడాలి.

స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే హీటెక్కితే: థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కినా రేడియేటర్ పై పైపు వేడిగా, కింది పైపు చల్లగా ఉంటే కూలెంట్ తిరగడం లేదని అర్థం. థర్మోస్టాట్ విప్పాక మెకానిక్ దాన్ని గిన్నెలో మరిగే నీళ్లలో వేసి చూస్తే చాలు. తెరుచుకోకపోతే మార్చాల్సిందే. ఈ మధ్యే కూలెంట్ మార్చి ఉంటే లోపల గాలి బుడగ ఇరుక్కుపోయే అవకాశం కూడా ఉంది. దీన్నే ఎయిర్ లాక్ అంటారు. కారు మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో ఆ గాలిని బయటకు తీయాలి.

ఏసీ వేసినప్పుడు మాత్రమే హీటెక్కితే: రేడియేటర్‌కు ముందు ఏసీ కండెన్సర్ ఉంటుంది. ఏసీ వేస్తే దాని వేడి కూడా రేడియేటర్ మీదే పడుతుంది. ఆ రెండింటి మధ్య దుమ్ము, పురుగులు, ఎండుటాకులు పేరుకుంటే గాలి పోదు. పల్లెటూళ్లలో, వరికోతల టైమ్‌లో తిరిగే బండ్లకు ఇది మామూలే. తక్కువ ప్రెషర్ నీళ్లతో జాగ్రత్తగా కడిగించాలి. ఎక్కువ ప్రెషర్ కొడితే పల్చటి రెక్కలు వంగిపోతాయి.

ఘాట్ ఎక్కేటప్పుడు హీటెక్కితే: తిరుమల, శ్రీశైలం, అనంతగిరి లాంటి ఘాట్ రోడ్లలో స్పీడ్ తక్కువ, ఇంజిన్ మీద లోడ్ ఎక్కువ. అక్కడ మాత్రమే ముల్లు లేస్తోందంటే కూలింగ్ వ్యవస్థ అంచు మీద నడుస్తోందని అర్థం. రేడియేటర్ సగం మూసుకుపోయినా మైదానంలో బయటపడదు, ఘాట్‌లో బయటపడుతుంది. పై గేర్‌లో ఇంజిన్‌ను ఈడ్చకుండా కింది గేర్‌లో ఎక్కడం, ఏసీ ఆపడం అప్పటికి సాయం చేస్తాయి. తిరిగి వచ్చాక మాత్రం షెడ్డుకు చూపించాలి.

ముల్లు పైనే ఉంది కానీ వేడి లక్షణాలే లేకపోతే: సెన్సార్ లేదా మీటర్ లోపం కావొచ్చు. అయితే అది స్కానర్ పెట్టి చూశాక తేల్చాల్సిన మాట. అప్పటిదాకా మీటర్‌నే నమ్మి బండి ఆపడం మంచిది.

లీకు కనిపించదు, కూలెంట్ మాత్రం తగ్గుతోందా?

ఇది కాస్త భయపడాల్సిన విషయమే. ఇంజిన్ బ్లాక్‌కు, పైనున్న హెడ్‌కు మధ్య హెడ్ గ్యాస్కెట్ ఉంటుంది. ఇంజిన్ విపరీతంగా వేడెక్కితే అల్యూమినియం హెడ్ వంకర పోవచ్చు, గ్యాస్కెట్ దెబ్బతినొచ్చు. అప్పుడు కూలెంట్ బయటకు కారదు, నేరుగా సిలిండర్లలోకో, ఇంజిన్ ఆయిల్‌లోకో పోతుంది.

ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లటి పొగ రావడం, ఆయిల్ డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉండటం, కూలెంట్ ట్యాంకులో బుడగలు రావడం, స్టార్ట్ చేయగానే పైపులు గట్టిగా ఉబ్బిపోవడం దీని లక్షణాలు. చలికాలం ఉదయం స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి ఆగిపోయే తెల్లపొగ వేరు, దానికి కంగారు పడక్కర్లేదు.

అనుమానం ఉంటే వెంటనే ఇంజిన్ విప్పమని చెప్పొద్దు. ముందు రెండు టెస్టులు అడగండి. మొదటిది ప్రెషర్ టెస్ట్. చేతి పంపుతో కూలింగ్ వ్యవస్థలోకి ప్రెషర్ ఎక్కించి, అది నిలుస్తోందో తగ్గుతోందో చూస్తారు. రెండోది బ్లాక్ టెస్ట్. కూలెంట్ నుంచి వచ్చే గాలిని నీలి రంగు ద్రవం గుండా పంపుతారు. అందులో ఇంజిన్ మంట వాయువులు ఉంటే ఆ ద్రవం రంగు మారి పసుపు రంగులోకి వస్తుంది. ఈ టెస్టులు అయ్యాకే పెద్ద పనికి ఒప్పుకోవాలి. హెడ్ విప్పితే కొత్త గ్యాస్కెట్ వేయడంతో సరిపెట్టొద్దు. హెడ్ వంకర పోయిందో లేదో కొలిపించాలి.

ఈ షార్ట్‌కట్‌లకు ఒప్పుకోవద్దు

"థర్మోస్టాట్ తీసేద్దాం సార్, ఇక హీటే ఎక్కదు" అని కొన్ని షెడ్లలో చెబుతారు. అప్పటికి పని అయినట్టే ఉంటుంది. కానీ ఇంజిన్ ఎప్పుడూ సరైన వేడికి చేరదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ పంపుతుంది. మైలేజీ పడిపోతుంది, ఇంజిన్ అరుగుదల పెరుగుతుంది. పాడైతే కొత్తది వేయించాలి, తీసేయకూడదు.

రెండోది ఫ్యాన్ డైరెక్ట్ చేయడం. రిలే, సెన్సార్ పక్కన పెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఫ్యాన్ తిరిగేలా వైర్ కలిపేస్తారు. ఇంటికి చేరడానికి ఒక రోజు పర్వాలేదు. అలాగే వదిలేస్తే మోటార్ త్వరగా పోతుంది, వైరింగ్ వేడెక్కి కొత్త ప్రమాదం వస్తుంది.

మూడోది లీకు ఆపడానికి రేడియేటర్‌లో పసుపు వేయడం. మన దగ్గర పాతకాలం నుంచి ఉన్న చిట్కా ఇది. సన్నటి రంధ్రం కాసేపు మూసుకోవచ్చు. కానీ ఆ పొడి రేడియేటర్, హీటర్‌ల సన్నటి దారుల్లో కూడా పేరుకుంటుంది. లీకు ఆగిందనుకుంటే బ్లాకేజీ మొదలవుతుంది.

నీళ్లా? కూలెంటా?

ఎమర్జెన్సీలో ఏ మంచి నీళ్లైనా సరే. రోజూ వాడటానికి మాత్రం బోరు నీళ్లు పనికిరావు. మన దగ్గర చాలా ప్రాంతాల్లో బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఇంట్లో గీజర్ కాయిల్‌కు, నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి పొర పట్టడం చూస్తూనే ఉంటాం. అదే పొర రేడియేటర్ లోపలా పడుతుంది.

కూలెంట్ పని చల్లబరచడం ఒక్కటే కాదు. మరిగే పాయింట్ పెంచుతుంది, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. "మన దగ్గర మంచు పడదు కదా, నీళ్లు చాలు" అనే మాట అందుకే తప్పు. కాన్సంట్రేట్ కొంటే మాన్యువల్‌లో చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్ కలపాలి. రెడీమేడ్‌గా కలిపి అమ్మేదైతే నేరుగా పోయాలి. రంగు ఒకటే అయినంత మాత్రాన రెండు కూలెంట్లు ఒకటే రకం కావు. వేర్వేరు రకాలు కలిస్తే తుప్పు నుంచి కాపాడే గుణం తగ్గొచ్చు, కొన్నిసార్లు మడ్డిలా మారొచ్చు.

ఇంట్లో పిల్లలు, కుక్కలు ఉంటే మరింత జాగ్రత్త. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. తీసిన పాత కూలెంట్‌ను వాటర్ బాటిల్‌లో పోసి ఉంచొద్దు, నేల మీద మడుగుగా వదలొద్దు. ఎవరైనా మింగితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎండాకాలం ముందే ఇవి చేయించండి

- నెలకోసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ లెవెల్ చూడండి. రెండుసార్లు వరుసగా తగ్గితే నింపి ఊరుకోకండి, కారణం వెతికించండి.
- మాన్యువల్‌లో చెప్పిన గడువుకు కూలెంట్ మార్పించండి. తుప్పు రంగులోకి మారితే గడువు కోసం ఆగొద్దు.
- రేడియేటర్ మూత రబ్బరు పగిలితే మూత మార్చండి. ప్రెషర్ పట్టని మూత వల్ల కూడా కూలెంట్ త్వరగా మరుగుతుంది.
- టైమింగ్ బెల్ట్‌తో నడిచే వాటర్ పంప్ అయితే, బెల్ట్ మార్చేటప్పుడే పంప్ కూడా చూపించండి. మళ్లీ విప్పే కూలీ మిగులుతుంది.
- లాంగ్ జర్నీకి ముందు ఏసీ వేసి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసుకోండి. డిక్కీలో ఒక బాటిల్ కూలెంట్, ఒక క్యాన్ నీళ్లు, మందపాటి గుడ్డ ఉంచుకోండి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటున్నారా?

మామూలు కాంప్రహెన్సివ్ మోటార్ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు కవర్ ఉండదు. కూలెంట్ లేకుండా బండి నడిపి ఇంజిన్ సీజ్ అయితే ఆ బిల్లు సాధారణంగా ఓనర్ జేబు నుంచే పోతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ లాంటి యాడ్ ఆన్ తీసుకున్నా, వార్నింగ్ లైట్ వెలిగాక కూడా నడిపితే క్లెయిమ్ చిక్కుల్లో పడొచ్చు. పాలసీలో షరతులు ముందే చదువుకోవడం మంచిది.

పెళ్లికి లేటవుతుందనో, ఎండలో పిల్లలు ఇబ్బంది పడతారనో ముల్లు ఎర్ర గీత మీద ఉండగా బండి లాగించేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. అరగంట చెట్టు నీడన ఆగితే మహా అయితే ముహూర్తం ముందు ఫొటోలు మిస్ అవుతారు. ఆగకపోతే ఇంజినే పోతుంది. ఆగిన తర్వాత నీళ్లు పోసి మరిచిపోకుండా, ఆ నీళ్లు ఎందుకు తగ్గాయో తేల్చుకున్నప్పుడే రిపేర్ పూర్తయినట్టు.